ముత్యాలప్ప చేతిలో గుమ్మడికాయ

ముత్యాలప్ప చేతిలో పెట్టింది ఏదీ నిలవదు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఈ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. చెంబు ఇస్తే జారుతుంది, గ్లాసు ఇస్తే ఒలుకుతుంది, గొడుగు ఇస్తే తిరగబడుతుంది. చేతిలో ఏమీ లేకపోతే తనే పడతాడు. పెండ్లి ఇండ్లలో ఆయన గడప తొక్కగానే ఆడవాళ్ళు పింగాణీ సామానంతా తీసి అటక మీద పెట్టేవాళ్ళు. పెనుకొండలో బస్సు ఆగేచోట ఒక కాఫీ హోటలు ఉండేది. హోటలు స్వామి అందరికీ కాఫీ ఇచ్చి పోయేవాడు, ముత్యాలప్పకు మాత్రం కాఫీతోబాటు తుడిచే గుడ్డ కూడా పక్కన పెట్టి పోయేవాడు. ఆ గుడ్డకు పని పడని వారం ఉండేది కాదు.

విచిత్రమేమంటే ఇంతటి మనిషి బస్సు డ్రైవరు. రంగప్ప అనే ఆసామి, రెండో పెద్ద యుద్ధం ఇంకా రాకముందే, హిందూపురంలో ఒక బస్సు పెట్టాడు. అది పొద్దున బయలుదేరి సోమందేపల్లి, పెనుకొండ, చెన్నేకొత్తపల్లి మీదుగా ధర్మవరం పోయి, మసక చీకటి వేళకు తిరిగి ఇల్లు చేరేది. గుంతలు, గులకరాళ్ళు, దారికి అడ్డం పడుకున్న గొర్రెల మందలు. అయినా స్టీరింగు ముందు ముత్యాలప్ప కూర్చున్నాడంటే, వెనక సీట్లో అవ్వ ఒళ్ళోని పాలచెంబు మీద మీగడ కూడా కదిలేది కాదు. దిగాడా, ఇక అంతే. ఆ చేతుల్లో ఉన్న తెలివినంతా స్టీరింగు తాగేసిందని జనం సర్దిచెప్పుకున్నారు.

ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి ఇంట పెండ్లి. పెండ్లికొడుకు చిన్నాయన ముదిగుబ్బ నుంచి వచ్చినవాడు, కొత్త బంధుత్వం, కొత్త జరీపంచె. విస్తరి ముందు కూర్చుని మజ్జిగ అందుకోబోతే చెంబు జారి పంచె తడిసింది. ఆడపెండ్లివారి పంక్తి నుంచి కిసుక్కుమని నవ్వు వినబడీ వినబడకముందే, పక్క పంక్తిలో నుంచి లేచిన ముత్యాలప్ప తూలి, తమాయించుకోబోయి, చారు బకెట్టులో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. చారు వేడిగా ఉండింది. ఆయన వేసిన గంతుకు మేళగాడు వాయించడం ఆపి నవ్వాడు. ఆ పెండ్లిలో పెట్టిన పిండివంటలు ఎవరికీ గుర్తులేవు గానీ ఆ గంతు మాత్రం గుర్తుంది.

పెనుకొండలో తాలూకా కచేరీకి కొత్తగా వచ్చిన గుమాస్తా ఒకడు వాన పడిన మర్నాడు బస్సు దిగుతూ బురదలో కూలబడ్డాడు. తెల్ల కోటు, తలపాగా, చంకలో కాగితాలు. ఊళ్ళో అది అతనికి మొదటి రోజు. జనం తిరిగి చూసేలోగా డ్రైవరు తలుపు తెరుచుకుంది, ముత్యాలప్ప దిగాడు, దిగినవాడు దిగినట్టే బోర్లా పడి బురదలో బండి పొడవు దూరం జారుకుంటూ పోయాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. గుమాస్తా లేచి కోటు దులుపుకుని తనూ వాళ్ళతో కలిసి నవ్వాడు.

సోమందేపల్లి హరికథలో దాసుగారు పద్యం మధ్యలో నోరు తెరిచి తడుముకుంటున్న వేళ ముందు వరసలో నుంచి ఈయన గురక మొదలయిందట. మామూలు గురక కాదు, ఎద్దులు బెదిరి పలుపులు తెంపుకున్నంత గురక. జనం ఆయన్ను కుదిపి, లేపి, తిట్టి మళ్ళీ కూర్చునేసరికి దాసుగారికి పద్యం గుర్తుకొచ్చింది. ఇట్లాంటివి చెప్పుకుంటూ పోతే తెల్లవారుతుంది.

ఈ కథలన్నీ అందరికంటే బాగా చెప్పి, అందరికంటే గట్టిగా నవ్వేవాడు నారాయణ. ముత్యాలప్ప తూలే తూలుడు, చేతులు గాల్లో తిప్పే తిప్పుడు అచ్చు దింపేవాడు. రంగప్ప బస్సు షెడ్డులో పొద్దుపోనప్పుడు అదే వినోదం. ముత్యాలప్ప కూడా ఒక మూల కూర్చుని చూసి, ఎడమ చెయ్యి ఇంకొంచెం పైకెత్తితే బాగుంటుందప్పా అని సలహా ఇచ్చేవాడు.

ఈ నారాయణ రంగప్పకు ఇల్లరికపు అల్లుడు. సొంతూరు చెన్నేకొత్తపల్లి. అన్నదమ్ముల్లో ఆఖరివాడు. వరసగా వానలు ముఖం చాటేసిన ఏండ్లలో, ఉన్న చేను అన్నలకే చాలకపోతే, రంగప్ప తన ఒక్కగానొక్క కూతురు రుక్మిణమ్మనిచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. పిల్ల మంచిది, మామ మంచివాడు, అన్నం మంచిది. ఆ అన్నమే నారాయణకు గొంతు దిగేది కాదు. ఆకలిగా ఉన్నా రెండో ముద్ద అడగడానికి సిగ్గు. వీధిలో ఎవరైనా ఏం చేస్తాండావు నారాయణా అంటే సిగ్గు. ఏమీ అనకుండా చూసి పోతే ఇంకా సిగ్గు. తన సిగ్గు సంగతి ఎవరికీ కనబడకూడదనే అతను అంత గట్టిగా నవ్వేవాడు.

ఆ సిగ్గు పడలేకనే బెంగుళూరు పోయి ఒక మోటారు షెడ్డులో నెల్లాళ్ళు ఉండి వచ్చాడు. ఆ నెలలో ఎక్కువ భాగం మేస్త్రీకి స్పానర్లు అందించడంతోనే సరిపోయింది. తిరిగి వచ్చినప్పుడు మాత్రం హిందూపురంలో మోటారు గురించి తనకు తెలియనిది లేదన్నట్టు వచ్చాడు. చేతికి గ్రీజు లేకపోయినా గుడ్డతో తుడుచుకుంటూ తిరిగేవాడు.

అదే సమయంలో రంగప్పకు మూడో కన్ను పిచ్చి పట్టింది. బెంగుళూరు నుంచి వచ్చిన ఏదో కారుకు ముందరి రెండు దీపాలే కాక పైన ఇంకొకటి ఉండటం చూశాడు. తన బస్సుకూ అట్లాంటిది కావాలి. దారి కనపడటానికి కొంత, ఎదురు బస్సు పెట్టి పోటీకొచ్చిన పెద్దప్ప కండ్లు చెదరడానికి మిగతా అంతా. దీపం తెప్పించి, దాన్ని ఇంటికి వచ్చిన చుట్టం మాదిరి పీట మీద కూర్చోబెట్టి, దీన్ని బిగించేదెవరని అడిగాడు.

"చిన్న పని మామా. నేను జేస్తా," అన్నాడు నారాయణ.

రంగప్ప అల్లుడి ముఖంలోకి ఒకసారి చూశాడు. ఆయుధ పూజ సాయంత్రం నడి బజారులో, నలుగురి ముందర ఆ దీపం వెలగాలన్నాడు. వెలిగితే ఆనాటి నుంచి షెడ్డు తాళాలు నారాయణవి. వెలగకపోతే షెడ్డుకు బెంగుళూరు మేస్త్రీని పెట్టుకుంటానన్నాడు. అప్పుడు నువ్వేం చెయ్యాలని మాత్రం అనలేదు. అనకపోయినా నారాయణకు వినబడింది. రుక్మిణమ్మ ఆ మధ్యాహ్నమే చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ మా ఆయప్ప దీపం పెడతాండాడని చెప్పి వచ్చింది.

బస్సు ముందర, డ్రైవరు అద్దానికి పైన, టేకు పలక ఒకటి ఉంది. దాని నడుమ రంధ్రం వేసి నారాయణ దీపాన్ని బిగించాడు. బ్యాటరీ నుంచి తీగ లాగి, డ్రైవరు చేతికందేచోట స్విచ్చి పెట్టి, అక్కడి నుంచి దీపానికి కలిపాడు. ముందరి దీపాలకూ ఒక్కొక్క తీగే కదా ఉంది, దీనికీ ఒక్కటే. లెక్క సరిపోయింది. షెడ్డులో పనివాళ్ళను, దారిన పోయేవాళ్ళను పిలిచి, నిచ్చెన మీద నిలబడి స్విచ్చి వెయ్యమన్నాడు.

దీపం వెలగలేదు. ఇంకోసారి వెయ్యమన్నాడు. వేశారు. నారాయణ చెవులు మాత్రం ఎర్రగా వెలిగాయి. ఒకడు దగ్గాడు, ఇంకొకడు ఆ దగ్గులో నవ్వు కలిపాడు. అప్పుడే అటు పోతున్న ముత్యాలప్ప, ఏమయిందో చూద్దామని తల పైకెత్తి నడిచి, గ్రీజు డబ్బాలో కాలు పెట్టాడు. డబ్బా కాలికి పట్టుకుంది. విదిలించబోతే రెండో కాలు జారి వాడిన నూనె తొట్టిలో కూర్చున్నాడు. షెడ్డు పగిలేటట్టు నవ్వారు. నిచ్చెన మీద నుంచి నారాయణ అందరికంటే గట్టిగా నవ్వాడు.

తరువాత మొదలయ్యాయి అతని కష్టాలు. దీపంలో బల్బు మార్చాడు, వెలగలేదు. తీగ మార్చాడు, వెలగలేదు. స్విచ్చి విప్పి ఊది మళ్ళీ పెట్టాడు. దీపమే చెడిపోయిందేమోనని కిందికి దింపి, ముందరి మడ్గార్డు మీద పెట్టి తీగ తగిలించాడు. భగ్గున వెలిగింది. సంతోషంతో పైకి తీసుకుపోయి పలకకు బిగించాడు. చచ్చింది. కిందికి తెస్తే బతుకుతుంది, పైకి పోతే చస్తుంది. దీపానికి పైన దిష్టి తగులుతోందని ఒకడు, పలక చేసిన చెట్టు మంచిది కాదని ఒకడు. ఎవరికీ సమాధానం చెప్పలేక నారాయణ షెడ్డు తలుపులు లోపల గడియ పెట్టుకున్నాడు.

రుక్మిణమ్మ సంగటి తీసుకొచ్చి తలుపు తట్టింది. దీపం కింద వెలగడం, పైన చావడం అతను ఆమె ఎదుట మళ్ళీ చేసి చూపించాడు. ఆమె సంగటి ముద్ద అతని చేతిలో పెట్టి, అటూ ఇటూ చూసి, తనకు తోచింది తను చెప్పింది.

"ఆడ ఇనుము. ఈడ కట్టె. అంతే గదా తేడా?"

నారాయణ చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బెంగుళూరు మేస్త్రీ ఎప్పుడూ అనే మాట ఒకటి చెవిలో పడింది. పోయిన కరెంటు తిరిగి ఇల్లు చేరాల, దారి లేకుంటే బయలుదేరనే బయలుదేరదు. ముందరి దీపాలకు తీగ ఒక్కటే కనబడుతుంది గానీ, తిరిగొచ్చే దారి బస్సు ఇనుములోనే ఉంది. దాన్నే ఎర్త్ అంటారు. టేకు పలకలో ఆ దారి ఎక్కడిది? దీపం అడుగున ఇంకో తీగ కట్టి, పలక వెంబడి దించి, బస్సు కింద ఛాసీకి, అంటే ఇనుప చట్రానికి, ఉన్న ఒక బోల్టుకు చుట్టాడు. స్విచ్చి వేశాడు. దీపం వెలుగు షెడ్డు గోడ మీద పడగానే, గోడ మీది బల్లి పారిపోయింది. ఆ పూట నారాయణ రెండో ముద్ద అడిగి తిన్నాడు.

అంతటితో ఆగి ఉంటే కథే లేదు. ఆయుధ పూజకు ముందురోజు బస్సును కడిగి, ఇనుమన్నదల్లా రంగు వెయ్యడం రంగప్ప ఇంటి ఆనవాయితీ. చక్రాలకు నలుపు, బాడీకి ఆకుపచ్చ, బోల్టులకు ఎరుపు. నారాయణకు ఇప్పుడు ఆ ఎర్త్ బోల్టంటే మామూలు భక్తి కాదు. అన్ని బోల్టులకూ పనివాళ్ళు ఒక పూత వేస్తే, ఆ ఒక్కదానికి తానే, తీగ విప్పి, నట్టు తీసి, లోపలా బయటా మూడు పూతలు వేశాడు. ఆరబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, దాని మీద తీగను మళ్ళీ చుట్టి నట్టు బిగించాడు. బోల్టు పెండ్లికూతురయింది. దండం పెట్టుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు సాయంత్రం బజారు కిటకిటలాడింది. బస్సుకు అరటి పిలకలు, బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. పెద్దప్ప కూడా వచ్చాడు, చేతులు వెనక కట్టుకుని. రుక్మిణమ్మ మిద్దె మీద చుట్టాల నడుమ నిలబడింది. రంగప్ప కొత్త తలపాగా సర్దుకుని, మూడో కన్ను తెరవబోతున్నామని, ఇది తన అల్లుడు నారాయణ చేతి పని అని అందరికీ వినబడేటట్టు చెప్పాడు. నారాయణ స్విచ్చి వేశాడు.

ఏమీ కాలేదు.

మళ్ళీ వేశాడు. తీసి వేశాడు. ముందరి దీపాలు వేస్తే అవి నిక్షేపంగా వెలిగాయి. మధ్యలోది మాత్రం నల్లగా చూస్తోంది. మేళం దానంతట అదే ఆగిపోయింది. పెద్దప్ప గొంతు సవరించుకున్నాడు.

"ఏమప్పా రంగప్పా, నీ మూడో కన్ను నిద్రపోతాండాదే."

నారాయణకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మామ వైపు చూడలేడు, మిద్దె వైపు అసలే చూడలేడు. భూమి నోరు తెరిస్తే బాగుండునని మనుషులు ఎందుకంటారో అతనికి ఆ సాయంత్రం తెలిసింది. మొదటి నవ్వు ఎక్కడో వెనకవైపు నుంచి మొదలయి ముందుకు వస్తోంది.

అప్పుడే ముత్యాలప్ప దిష్టి గుమ్మడికాయ ఎత్తాడు. పెద్ద బూడిద గుమ్మడికాయ, నెత్తిన కర్పూరం మండుతోంది. బస్సు చుట్టూ తిప్పి చక్రం ముందర పగలగొట్టడం ఏటేటా ఆయన పనే, ఏ ఏడూ తప్పలేదు. ఈసారి ఒక చుట్టు కూడా తిరగలేదు. గుమ్మడికాయ చేతిలో నుంచి జారింది. జారిన కాయ పగలలేదు, వాలు చూసుకుని బజారు వెంబడి దొర్లింది. కర్పూరం ఒకవైపు, కాయ ఒకవైపు. ముత్యాలప్ప "పట్టుకోండప్పా" అంటూ దాని వెంట పడ్డాడు. పూలమ్మే ఆమె గంపలో కాలు పెట్టాడు. బొరుగుల మూట తన్నాడు. కాయ పెద్దప్ప కాళ్ళ మధ్య నుంచి దూరింది, వెనకే ముత్యాలప్ప కూడా దూరబోయి పెద్దప్పను ఎత్తి బొరుగుల మీద కూర్చోబెట్టాడు. జనమంతా అటే పరుగు.

బస్సు దగ్గర నారాయణ ఒక్కడే మిగిలాడు. బ్యాటరీ బాగుంది, ముందరి దీపాలు వెలుగుతున్నాయి. నిన్న బాగున్న దీపం, నిన్న బాగున్న తీగ. నిన్నటికీ ఈరోజుకీ మారిందేమిటి? నిమ్మకాయలు కోసిన కత్తి పళ్ళెంలో ఉంటే తీసుకుని బస్సు కిందికి దూరాడు. తీగ విప్పి, కొసను పక్కన ఉన్న స్ప్రింగు పట్టీ అంచుకు, రంగు లేచిపోయినచోట తాకించాడు. బస్సు ముందర నేల మీద వెలుగు మెరిసి పోయింది. మళ్ళీ బోల్టుకు తాకిస్తే చీకటి. ఎర్రగా, నున్నగా, పసుపు కుంకుమలతో బోల్టు అతన్ని చూస్తోంది. ఇనుముకీ తీగకీ నడుమ అడ్డం నిలిచింది తను వేసిన రంగే. తనే, తన చేత్తోనే, మూడు పూతలు.

చెంపలు వాయించుకునే తీరిక లేక కత్తితో బోల్టును గీకాడు. కొత్త పంచె గ్రీజయింది, వేలు తెగింది. ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, తీగ చుట్టి, నట్టు బిగించాడు. వేసిన స్విచ్చి వేసినట్టే ఉండటంతో, భళ్ళున వెలుగు బజారంతా పరుచుకుంది.

ఆ వెలుగు సూటిగా పోయి పడింది ముత్యాలప్ప మీద. నడి బజారులో కాళ్ళు చాచి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పగిలిన గుమ్మడికాయ, నెత్తిన బంతిపూలు, ముఖమంతా కుంకుమ. వెలుగుకు కండ్లు చికిలించి, దీపానికి ఒక నమస్కారం పెట్టాడు. ఇక ఆ నవ్వు ఆగలేదు. దీపం మొదట వెలగలేదన్న సంగతి ఎవడికీ గుర్తులేదు. పెద్దప్ప కూడా బొరుగులు దులుపుకుంటూ నవ్వాడు. రంగప్ప మాత్రం ముత్యాలప్ప మీద విరుచుకుపడ్డాడు. దిష్టి తీయమంటే దిష్టిబొమ్మవై కూర్చున్నావే అని, ఒక గుమ్మడికాయ మోయలేనివాడికి బస్సు ఎందుకిచ్చానా అని, బజారు బజారంతా వినేటట్టు తిట్టాడు. ముత్యాలప్ప తల వంచుకుని విన్నాడు. నారాయణ బస్సు చాటున, తేలు కుట్టిన దొంగ మాదిరి, గ్రీజు చేతులు వెనక పెట్టుకుని విన్నాడు. తప్పు తనదని ఒక్క మాట అనాలి. నాలుక లేవలేదు.

రాత్రంతా ఆ తిట్లు అతని చెవుల్లో తిరిగాయి. తెల్లవారగానే ముత్యాలప్ప ఇంటికి పోయాడు, ఏం చెప్పాలో తెలియకుండానే. తడక సందులో నుంచి లోపల కనబడింది చూసి నిలబడిపోయాడు. ముత్యాలప్ప వాకిట్లో గొంతుక్కూర్చుని, ఇంత పెద్ద కుండలో నుంచి సన్న మూతి సీసాలోకి ఆముదం పోస్తున్నాడు. గరాటు లేదు. దారం మాదిరి ధార. సీసా మూతి దాకా నిండింది, నేల మీద ఒక్క చుక్క లేదు. తలెత్తి నారాయణను చూశాడు. చూసీ చూడగానే చేతిలోని బిరడా కింద పడేశాడు.

ఆయన భార్య యశోదమ్మ ఇంట్లో నుంచి బయటికొచ్చింది.

"ఇప్పుడు ఏంటికి జారిందో," అంది.

నారాయణ తడబడుతూ, నిన్న ఆయన చెయ్యి జారింది కదమ్మా అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. ఈ యింట్లో పగిలినవన్నీ తాను పగలగొట్టినవేనని చెప్పింది. ముత్యాలప్ప గమ్మునుండవే అన్నాడు. ఆమె గమ్మునుండలేదు.

"ఆయప్ప చేతిలో పగిలింది ఒగటేనప్పా. కాపురానికొచ్చిన కొత్తలో, ఇంటినిండా చుట్టాలుండంగ నేను పాలకుండ పగలగొట్టినా. మా అత్త నోరు తెరిసేలోపల ఈయప్ప మజ్జిగ కుండ పగలగొట్టినాడు. ఆ తిట్లన్నీ ఆయప్పకే పోయినాయి."

నారాయణ అరుగు మీద కూలబడ్డాడు. జరీపంచె తడిసిన ముదిగుబ్బ పెద్దమనిషి, బురదలో గుమాస్తా, పద్యం మరిచిన దాసుగారు, నిచ్చెన మీద తను. ముత్యాలప్ప ఎన్నడూ మొదట పడలేదు. ఎప్పుడు పడినా రెండోవాడుగానే పడ్డాడు. ఆ పడటాన్ని తను షెడ్డులో ఎన్నిసార్లు ఆడి చూపించి నవ్వించాడో గుర్తొచ్చి నారాయణ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఎందుకిట్లా చేస్తావని అడిగాడు.

"నా చెయ్యే అంతప్పా," అన్నాడు ముత్యాలప్ప, ఆముదం సీసాకు బిరడా బిగిస్తూ. సీసా పక్కన పెట్టి, "నలుగురు నగుతాంటే ఒంటిగా నిలబడేది కష్టం. నాకైతే అలవాటైపోయినాది," అన్నాడు.

నారాయణ అక్కడి నుంచి నేరుగా మామ దగ్గరికి పోయాడు. రంగు వేసింది తనేనని, దీపం వెలగనిది తన తెలివితక్కువతనం వల్లనేనని, ముత్యాలప్పను తిడుతుంటే నోరు మూసుకుని నిలబడ్డానని, తాళాలు తనకు వద్దని ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. రంగప్ప వక్క కొరుకుతూ విన్నాడు. ఇదంతా తనకు తెలుసన్నాడు. బస్సు కింద నుంచి అల్లుడి కాళ్ళు కనబడుతూనే ఉన్నాయట.

"మరి ఆయప్పను అట్ల తిడితిరే మామా."

"తిట్టకపోతే జనం నీ పక్క తిరిగి చూడరా?" అన్నాడు రంగప్ప. గొంతు తగ్గించి, ఒకప్పుడు పెనుకొండలో ఎవరో పెద్ద దొర వచ్చినప్పుడు తను పూలదండ పొరపాటున దొర పక్కనున్న బంట్రోతు మెడలో వేశానని, తేరుకునేలోగా ముత్యాలప్ప ఇంకో దండ తీసుకుపోయి దొరగారి గుర్రం మెడలో వేశాడని చెప్పాడు. "ఆ పొద్దునుంచి, ఆయప్ప పడేది, నేను తిట్టేది. నడుస్తాండాది." తాళాలు తీసి అల్లుడి ఒళ్ళో పడేశాడు. రంగు డబ్బాల గది తాళం మాత్రం గుత్తిలో నుంచి తీసి తన మొలతాడుకు కట్టుకున్నాడు.

ఆ తరువాత కొన్నాళ్ళకు బస్సుకు మల్లప్ప అనే కొత్త కండక్టరు వచ్చాడు. మొదటి రోజు. పెనుకొండ హోటల్లో ప్రయాణికులంతా బల్లల మీద కూర్చుని ఉన్నారు, షెడ్డు సామాను కోసం ధర్మవరం పోతున్న నారాయణ కూడా ముత్యాలప్ప ఎదురుగా ఉన్నాడు. మల్లప్ప కొత్త ఖాకీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వచ్చి, కూర్చోబోయి, బల్లకు తగిలి, కాఫీ గ్లాసు ఢామ్మని కింద పడేశాడు. హోటలంతా అటు తిరిగింది. మల్లప్ప ముఖం మాడిపోయింది. ఎదురుగా ముత్యాలప్ప చేతిలో గ్లాసు మెల్లగా ఒక పక్కకు ఒరగడం మొదలుపెట్టింది.

నారాయణ దాన్ని చూశాడు. ముత్యాలప్ప కంటే ముందుగా తన గ్లాసెత్తి, పొగలు కక్కుతున్న కాఫీని తన తెల్ల చొక్కా మీదే బోర్లించుకున్నాడు. ఒళ్ళు కాలి, నిజంగానే గంతేశాడు. ఆ గంతు ఎవరూ నేర్పకుండానే ముత్యాలప్ప గంతు మాదిరే వచ్చింది. హోటలంతా విరగబడి నవ్వింది. రంగప్ప అల్లుడికి కూడా ముత్యాలప్ప గాలి సోకిందని ఎవరో అన్నారు. మల్లప్ప ఊపిరి పీల్చుకుని, నవ్వు ఆపుకోలేక, అతనికి గుడ్డ అందించాడు. ఆ నవ్వుల మధ్య నిలబడితే పెద్ద బరువుగా ఏమీ లేదని నారాయణకు ఆశ్చర్యమేసింది.

ముత్యాలప్ప గ్లాసు ఒరుగుతున్నది ఒరుగుతున్నట్టే ఆగింది. ఆయన దాన్ని నిటారుగా నిలిపి, నారాయణను కాసేపు చూసి, రెండు చేతులా పట్టుకుని తాగడం మొదలుపెట్టాడు. నిదానంగా, అడుగున ఉన్న చక్కెర దాకా తాగాడు. గ్లాసు బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టి, పెదవులు తుడుచుకున్నాడు.

"స్వామి కాఫీ ఇంత బాగుంటాదని ఇప్పుడే తెల్సిందప్పా," అన్నాడు.